హ్యాటీస్‌బర్గ్ బట్టలుతికే స్త్రీ విద్యాదానం: ఓసియోలా మెకార్టీ జ్ఞాపకంలో నిలిచినవి, మరుగైనవి

ఓసియోలా మెకార్టీ (1908–1999) అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, హ్యాటీస్‌బర్గ్ పట్నంలో డెబ్బై ఏళ్లకు పైగా ఇతరుల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి బతికిన నల్లజాతి స్త్రీ. ఆరో తరగతిలోనే చదువు ఆగిపోయింది. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు, కారు ఎన్నడూ కొనలేదు. తన వీధివాళ్లకు, చర్చివాళ్లకు, బట్టలు వేసే ఇళ్లవాళ్లకు తప్ప ఆమె ఎవరో ఊళ్లోనే చాలామందికి తెలియదు. 1995 జూలైలో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ మిసిసిపీ ఒక ప్రకటన చేసింది. మెకార్టీ తదనంతరం ఆమె సొమ్ములో సుమారు లక్షా యాభై వేల డాలర్లు పేద విద్యార్థుల ఉపకార వేతనాల కోసం విశ్వవిద్యాలయానికి చెందుతాయన్నది దాని సారాంశం. అప్పటికి ఆమెకు 87 ఏళ్లు.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికిన మెకార్టీ అమెరికా అంతటా పొదుపుకు, నిస్వార్థానికి మారుపేరైంది. కడుపు కట్టుకుని కూడబెట్టి, కూడబెట్టినదంతా పరులకిచ్చిన వృద్ధురాలిగా పత్రికలు ఆమెను నిలబెట్టాయి. ఈ చిత్రంలో అబద్ధం లేదు, కొరత ఉంది. ఆమె చేసిన పనిలోని నేర్పు, ఆ డబ్బు పెరిగిన తీరు, అది చేరిన విద్యాసంస్థ గతం పక్కకు పోయి గుణగానం ఒక్కటే మిగిలింది. పక్కకు పోయినవాటిని తిరిగి చేర్చి చూస్తే ఈ దానం మంచి మనసుకు గుర్తుగా మాత్రమే కాక, ఒక చరిత్రకు జవాబుగా కూడా కనిపిస్తుంది.

జీవిత రేఖలు

మెకార్టీ 1908 మార్చి 7న మిసిసిపీ తూర్పు పల్లెసీమలో పుట్టింది. చిన్నతనంలోనే హ్యాటీస్‌బర్గ్‌కు చేరింది. 1880ల్లో పైన్ అడవుల కలప మీద, రైలు మార్గాల మీద ఆధారపడి పుట్టిన పట్నమది. అమ్మ వంటపని చేసేది. పెంచింది ఎక్కువగా అమ్మమ్మా పిన్నీ. మగదిక్కు లేని ఆ ఇంటికి బట్టలుతికే పనే ప్రధాన ఆదాయం. బడి నుంచి రాగానే ఇస్త్రీకి కూర్చోవడం, వచ్చిన చిల్లరను బొమ్మల బండిలో దాచుకోవడం ఆమె బాల్యస్మృతులు.

ఆరో తరగతిలో ఉండగా పిన్నికి జబ్బు చేసింది. ఆమెకు పిల్లలు లేరు, ఆసుపత్రి నుంచి వచ్చాక చూసుకునే మనిషి కావాలి. ఓసియోలా బడి మానేసింది. పిన్ని తేరుకునేసరికి తోటి పిల్లలు పై తరగతులకు వెళ్లిపోయారు, తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చోవడానికి ఆ పిల్ల సిగ్గుపడింది. నర్సు కావాలన్న కోరిక అక్కడితో సరి. 1944లో అమ్మమ్మ, 1964లో తల్లి, 1967లో పిన్ని పోయారు. ముగ్గురికీ చివరి రోజుల్లో చాకిరీ చేసింది ఆమే. ఆ తర్వాత మిల్లర్ స్ట్రీట్‌లోని చిన్న చెక్క ఇంట్లో ఒంటరిగా ఉండిపోయింది.

దానం సంగతి బయటికి వచ్చాక ఆ ఇంటి వివరాలన్నీ విలేఖరులు ఏరి ఏరి రాశారు. ఒకే చానెల్ వచ్చే నలుపు తెలుపు టీవీ, అదీ చూసేది తక్కువ. అట్టలూడి, పుటలు జారిపోకుండా టేపు అంటించిన బైబిలు. అంగడికి నడిచి వెళ్లి, సామాను బండి తోసుకుంటూ రావడం. బ్యాంకువాళ్లు నచ్చజెప్పగా కొన్న ఏసీని ఎవరైనా ఇంటికి వస్తేనే వేయడం. ఇవన్నీ నిజమే. అయితే ఆమె రోజులో ఎక్కువ భాగం గడిచింది ఇంటి లోపల కాదు, పెరట్లో.

పెరట్లోని పని

పని తెల్లవారకముందే మొదలయ్యేది. పెరట్లో కట్టెలు పేర్చి, ఇనప బాన కింద నిప్పు రాజేయాలి. నీళ్లు దగ్గర్లోని అగ్నిమాపక కుళాయి నుంచి పట్టి మోయాలి. తెల్లబట్టలూ రంగుబట్టలూ వేరుచేసి నానబెట్టడం, ఉతుకుడు బల్ల మీద రుద్దడం, బానలో ఉడకబెట్టడం, తీసి జాడించడం, మళ్లీ రుద్ది మళ్లీ జాడించడం, గంజి పెట్టి పిండి దండేల మీద ఆరవేయడం – ఇదంతా పగటి పని. ఇస్త్రీ రాత్రి దాకా సాగేది. నలుగురున్న ఇంటి వారం బట్టలు ఒక మూట. రెండో ప్రపంచ యుద్ధం నాటి రోజుల్లో మూటకు డాలరున్నర, రెండు డాలర్లు వచ్చేవి. తర్వాతి కాలంలో ధరలు పెరిగాక మూట పది డాలర్లకు చేరింది.

1960ల్లో ఆమె ఉతికే యంత్రమూ ఆరబెట్టే యంత్రమూ కొంది. కొన్నాళ్లు వాడి రెండింటినీ ఎవరికో ఇచ్చేసింది. యంత్రం సరిగా జాడించదని, ఆరబెట్టే యంత్రంలో తెల్లబట్టలు పసుపు తిరుగుతున్నాయని ఆమె ఫిర్యాదు. మళ్లీ బానకూ, వర్జీనియా నుంచి తెప్పించుకునే ‘మెయిడ్ రైట్’ ఉతుకుడు బల్లకూ తిరిగి వచ్చింది. పత్రికలు దీన్ని పాతకాలపు మనిషి చాదస్తంగా, లేదా పిసినారితనంగా ముచ్చటపడి రాశాయి. పిసినారి అయితే యంత్రాలు కొనేదే కాదు. కొని, పనితనం నచ్చక వదిలేసిన మనిషి ఆమె. యంత్రాలు ఇంటింటికీ వచ్చిన రోజుల్లో కూడా హ్యాటీస్‌బర్గ్ డాక్టర్లూ లాయర్లూ వ్యాపారులూ తమ చొక్కాలను ఆమెకే వేయడానికి కారణం ఈ పట్టింపే. బేరం నిలిచింది చౌక వల్ల కాదు, తెలుపు వల్ల, ఇస్త్రీ మడత వల్ల.

ఈ పనికి వెనుక పెద్ద చరిత్ర ఉంది. అంతర్యుద్ధం తర్వాత అమెరికా దక్షిణాదిలో నల్లజాతి స్త్రీలకు దొరికిన కూలి పనుల్లో ముఖ్యమైనవి వంట, పిల్లల పెంపకం, ఉతుకుడు. మొదటి రెండూ తెల్లవారి ఇళ్లలో, యజమానురాలి కంటి కింద చేయాల్సినవి. ఉతుకుడు మాత్రం సొంత పెరట్లో, సొంత పిల్లలను కనిపెట్టుకుంటూ చేసుకునే వీలున్నది. ఎన్ని మూటలు తీసుకోవాలో, ఎవరి మూట వద్దనాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ కొంతైనా ఉండేది. చరిత్రకారిణి టెరా హంటర్ అట్లాంటా నగరపు శ్రామిక స్త్రీల మీద చేసిన పరిశోధనలో ఈ అంశాన్ని వివరంగా చూపింది. ఈ స్త్రీలు నోరులేనివాళ్లేమీ కారు. 1866 జూన్‌లో మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో బట్టలుతికే నల్లజాతి స్త్రీలు కూడి, ఒకే రేటు నిర్ణయించుకుని మేయరుకు వినతిపత్రం పంపారు: రోజుకు డాలరున్నర, కుటుంబం బట్టలకు నెలకు 15 డాలర్లు. బానిసత్వం రద్దై ఏడాది తిరగని సమయంలో జరిగిన ఈ ప్రయత్నాన్ని మిసిసిపీలో తొలి కార్మిక సంఘంగా చరిత్రకారులు గుర్తిస్తారు. 1881లో అట్లాంటాలో ఇరవై మందితో మొదలైన బట్టలుతికే స్త్రీల సమ్మె కొన్ని వారాల్లో మూడు వేల మందికి పాకింది.

తెలుగు పాఠకుడికి ఉతుకుడు అనగానే రజక కులం, చాకిరేవు గుర్తుకొస్తాయి. రెండుచోట్లా ఈ పని చేసేవారిని సమాజం కింది మెట్టునే ఉంచింది. కానీ లెక్క వేరు. తెలుగు పల్లెల్లో అది కుటుంబమంతా చేసే కులవృత్తి, ప్రతిఫలం కళ్లాల్లో కొలిచే మేర. అమెరికా దక్షిణాదిలో అది జాతీ స్త్రీత్వమూ నిర్ణయించిన పని, కూలి మూటకింతని నగదు. గింజల రూపంలో వచ్చే మేర ఏడాది తిండికి సరిపోతే సరిపోయినట్టు. నగదు ఎంత కొంచెమైనా బ్యాంకుదాకా వెళ్లగలదు. మెకార్టీ కథ సాధ్యం కావడానికి ఈ చిన్న తేడా కూడా అవసరమైంది.

డబ్బు పెరిగిన తీరు

మెకార్టీ తరానికి ముందటి నల్లజాతివారికి బ్యాంకు అంటే మోసం గుర్తుకొచ్చేది. విముక్తులైన బానిసల పొదుపు కోసం 1865లో ఏర్పడిన ఫ్రీడ్‌మెన్స్ సేవింగ్స్ బ్యాంకు దక్షిణాదిలో శాఖలు తెరిచి, ప్రభుత్వమే వెనక ఉందన్న నమ్మకం కలిగించి, 1874లో మూతపడింది. అరవై వేల మందికి పైగా ఖాతాదారుల సొమ్ము ఇరుక్కుపోయింది, చాలామందికి పూర్తిగా దక్కనే లేదు. డిపాజిట్లకు కేంద్ర ప్రభుత్వ బీమా 1934లో గానీ అమల్లోకి రాలేదు. ఆ నేపథ్యంలో బట్టలుతికే స్త్రీ వారం వారం బ్యాంకుకు నడిచి వెళ్లి చిల్లర జమచేయడం మామూలు అలవాటు కాదు, తెగింపు కలిగిన నిర్ణయం. వేసింది తీయకపోవడం ఆమె నియమం.

పొదుపు చేయడానికి ఆమెకు మరో కారణం ఉంది, దాన్ని ప్రశంసా వ్యాసాలు దాదాపు తాకవు. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం వృద్ధాప్య పింఛను కల్పించినప్పుడు వ్యవసాయ కూలీలను, ఇంటిపని చేసేవారిని, సొంతంగా పని చేసుకునేవారిని మినహాయించింది. దక్షిణాదిలో నల్లజాతి శ్రామికుల్లో అధికభాగం ఈ కోవలవారే. 1950 సవరణల తర్వాతే ఇంటిపనివారిలో చాలామందికి, స్వయంఉపాధి వారిలో చాలామందికి చోటు దొరికింది. అప్పటికి మెకార్టీకి నలభై దాటాయి. వృద్ధుల వైద్యానికి ప్రభుత్వ బీమా 1965లో వచ్చింది. అంటే ఆమె యవ్వనమంతా ముసలితనానికి బ్యాంకు పుస్తకం తప్ప వేరే ఆసరా లేని కాలం. ముగ్గురు వృద్ధ స్త్రీలకు ఇంట్లోనే సేవ చేసిన మనిషికి ఆ భయం తెలియనిది కాదు. ఆమె పొదుపును గుణంగా మాత్రమే మెచ్చుకుంటే, దాన్ని తప్పనిసరి చేసిన చట్టం తప్పించుకుంటుంది.

మరి మూటకు రెండు డాలర్లు తెచ్చుకున్న మనిషి దగ్గర దాదాపు రెండున్నర లక్షలు ఎలా పోగయ్యాయి? మొదటి కారణం ఇల్లు. 1947లో మేనమామ ఇచ్చిన ఇంట్లో ఆమె ఉంది, అద్దె బాధ లేదు. తల్లీ పిన్నీ పోతూ పోతూ తమ దగ్గరున్న కొద్దిపాటి డబ్బు ఆమెకే వదిలారు, దాన్నీ ఆమె ఖాతాలోనే వేసింది. కాబట్టి ఆ నిధి ఒక మనిషిది మాత్రమే కాదు, ఒకే ఇంట్లో ఉతికి, వండి బతికిన రెండు తరాల స్త్రీలది. రెండో కారణం చక్రవడ్డీ. ఉదాహరణకు నెలకు 20 డాలర్ల చొప్పున యాభై ఏళ్లు జమచేస్తే అసలు 12 వేలు. ఏడాదికి అయిదు శాతం చక్రవడ్డీ మీద అది సుమారు 50 వేలవుతుంది, మూడొంతులకు పైగా వడ్డీయే. మూడో కారణం బ్యాంకు ఉద్యోగుల సలహా. ఆమె ఖాతాలో పెద్దమొత్తం పేరుకుపోతోందని గమనించి, మామూలు పొదుపు ఖాతా నుంచి కొంత సొమ్మును గడువు డిపాజిట్లకూ, పెద్దగా నష్టభయం లేని మ్యూచువల్ ఫండ్లకూ మార్పించారు. 1979–82 మధ్య అమెరికాలో గడువు డిపాజిట్ల వడ్డీ పది శాతం దాటింది. సొమ్ము కదిలించకుండా ఉంచినవారికి అది పెద్ద కలిసొచ్చిన కాలం.

పది నాణేలు

1994 చివర్లో చేతుల కీళ్లవాపు వల్ల మెకార్టీ పని మానేసింది. అప్పటికి ఆమెకు 86 ఏళ్లు. ఒంటరి వృద్ధురాలు, చేతినిండా డబ్బు, చెప్పేవాళ్లు లేరు. రేపు మంచాన పడితే ఎలా అన్న ఆందోళన ట్రస్ట్‌మార్క్ బ్యాంకు ఉద్యోగులకు కలిగింది. బ్యాంకు ట్రస్టు వ్యవహారాల అధికారి ఆమెను కూర్చోబెట్టి, బల్ల మీద పది సెంట్ల నాణేలు పది పెట్టాడు. ఒక్కోటీ ఆమె ఆస్తిలో పదోవంతు, ఎవరికెంత ఇవ్వాలో పంచమన్నాడు. ఆమె ఒక నాణెం చర్చికి పెట్టింది. మూడు నాణేలు ముగ్గురు బంధువులకు, తలా ఒకటి. మిగిలిన ఆరూ విశ్వవిద్యాలయానికి.

ఈ పంపకంలో వరుస గమనించాలి. ముందు తీసినది దశమభాగం. తెలుగు క్రైస్తవులకు ఈ మాట, ఈ ఆచారం బాగా తెలుసు. మెకార్టీ ఫ్రెండ్‌షిప్ బాప్టిస్టు చర్చి సభ్యురాలు, ఇవ్వడం అనే అలవాటు ఆమెకు అక్కడ ఏర్పడింది. అమెరికా నల్లజాతి సమాజంలో దానానికి కేంద్రం ధనికుల ఫౌండేషన్లు కావు. చర్చి కానుకల పళ్లెం, పరస్పర సహాయ సంఘాలు, అంత్యక్రియల చందా సంఘాలు. వారానికి కొన్ని సెంట్ల చొప్పున పోగుచేసి బడులు, ఆసుపత్రులు నిలబెట్టుకున్న సమాజమది. 1995లో పత్రికలు మెకార్టీని ఎక్కడినుంచో ఊడిపడ్డ అద్భుతంలా చూపాయి. ఆమె చుట్టూ ఉన్నవారికి అందులో వింత మొత్తం మాత్రమే, ఇవ్వడం కాదు. దశమభాగం తర్వాత రక్తసంబంధం, ఆ తర్వాతే ఊరు. అయినా ఊరి వాటా తక్కిన అన్నిటికంటే పెద్దది.

దానపత్రం తీరు కూడా పరిశీలించదగ్గదే. ఆమె వీలునామా రాసి ఊరుకోలేదు. వీలునామా మరణానంతరం కోర్టు మెట్లెక్కాలి, వారసులు సవాలు చేయవచ్చు, రాసిన మనిషి బతికుండగా ఎప్పుడైనా మార్చవచ్చు. మెకార్టీ చేసింది వెనక్కి తీసుకోలేని ట్రస్టు. సొమ్ము బ్యాంకు నిర్వహణలోకి వెళ్తుంది, ఆమె బతికున్నన్నాళ్లూ ఖర్చులకు, వైద్యానికి అందులోంచే ఇస్తారు, తదనంతరం మిగిలినది నిర్ణయించిన వాటాల ప్రకారం చేరుతుంది. దాతే తొలి లబ్ధిదారు. ఒంటరి వృద్ధురాలి రక్షణ, ఊరికి దానం ఒకే పత్రంలో కుదిరాయి. ఆ కాగితాలు సిద్ధం చేసిన లాయరు బట్టలు ఆమె ఏళ్ల తరబడి ఉతికినవే కావడం హ్యాటీస్‌బర్గ్ ఎంత చిన్న ఊరో చెబుతుంది.

ఉపకార వేతనం షరతులు క్లుప్తమైనవి. దక్షిణ మిసిసిపీ విద్యార్థులై ఉండాలి, చదువుకునే యోగ్యత, డబ్బు అవసరం ఉండాలి, నల్లజాతి విద్యార్థులకు ప్రాధాన్యం. భవనానికి తన పేరు పెట్టాలనీ, విగ్రహం నిలపాలనీ ఆమె కోరలేదు. తన సొమ్ముతో చదివిన పిల్ల పట్టా పుచ్చుకునే రోజున వెళ్లి చూడాలన్నది ఆమె బయటపెట్టిన ఒకే ఒక కోరిక. ట్రస్టు సొమ్ము ఆమె తదనంతరమే చేరాల్సి ఉన్నా, ప్రకటన వెలువడ్డ కొద్ది వారాల్లోనే హ్యాటీస్‌బర్గ్ వాసి అయిన ఓ నల్లజాతి విద్యార్థినికి వెయ్యి డాలర్ల తొలి వేతనం అందింది. స్థానిక వ్యాపారులు ఆమె ఇచ్చినంత మొత్తాన్నీ తామూ జతచేస్తామని ముందుకు రావడం వల్ల ఇది సాధ్యమైంది.

మూసిన తలుపుల విశ్వవిద్యాలయం

ఆరు నాణేలు అందుకున్న సంస్థ 1910లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలగా ఏర్పడి, తర్వాత మిసిసిపీ సదరన్ కాలేజీగా, 1962లో విశ్వవిద్యాలయంగా మారింది. మొదటి 55 ఏళ్లు అది తెల్లవారికి మాత్రమే. మెకార్టీ బడి మానకుండా చదివి ఉన్నా, ఊళ్లోనే ఉన్న ఆ కళాశాలలో అడుగు పెట్టే అవకాశం ఆమెకు లేదు.

అడుగు పెట్టాలని ప్రయత్నించిన వ్యక్తికి ఏం జరిగిందో చరిత్రలో ఉంది. క్లైడ్ కెన్నార్డ్ (1927–1963) కొరియా యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుడు. యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో చదువుతూ, కుటుంబం కోళ్ల ఫారం చూసుకోవడానికి 1955లో హ్యాటీస్‌బర్గ్ ప్రాంతానికి తిరిగి వచ్చాడు. మిగిలిన చదువు దగ్గర్లోని మిసిసిపీ సదరన్‌లో పూర్తిచేయాలనుకుని మళ్లీ మళ్లీ దరఖాస్తు పెట్టాడు, ప్రతిసారీ తిరస్కారమే. 1959 సెప్టెంబరులో కాలేజీ అధ్యక్షుడిని కలిసి వస్తుండగా పోలీసులు ఆయన కారులో మద్యం దొరికిందని అరెస్టు చేశారు. ఆయన మద్యం ముట్టడు. ఏడాది తర్వాత 25 డాలర్ల కోళ్ల దాణా దొంగతనానికి పురిగొల్పాడన్న కేసు పెట్టారు. పూర్తిగా తెల్లవారితో నిండిన జ్యూరీ నేరం నిర్ధారించింది, శిక్ష ఏడేళ్లు. పార్చ్‌మన్ జైలు పొలాల్లో పనిచేస్తుండగా పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది, చికిత్స సరిగా అందలేదు. చావు దగ్గరపడ్డాక 1963 ఆరంభంలో విడిచిపెట్టారు. ఆ జూలై 4న షికాగోలో చనిపోయాడు. 2006లో కోర్టు ఆ శిక్షను కొట్టేసింది.

1965 సెప్టెంబరులో రేలానీ బ్రాంచ్, గ్వెండొలిన్ ఎలేన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థినులు తొలిసారి అక్కడ చేరారు. మరుసటి జనవరిలో హ్యాటీస్‌బర్గ్ దగ్గర ఓటు హక్కు ఉద్యమకారుడు వెర్నన్ డామర్ ఇంటికి కూ క్లక్స్ క్లాన్ నిప్పు పెట్టింది, ఆ గాయాలతో ఆయన మరణించాడు. ఇవన్నీ మెకార్టీ మూటలు ఉతికి డబ్బు దాస్తున్న ఏళ్లలో, ఆమె ఊళ్లో, ఊరి చుట్టుపక్కల జరిగినవి.

ఆ విశ్వవిద్యాలయాన్నే ఎందుకు ఎంచుకున్నారని అడిగినప్పుడు మెకార్టీ ఇచ్చిన జవాబు చాలా పొట్టిది: ఒకప్పుడు నల్లవాళ్లను అక్కడికి రానిచ్చేవారు కాదు, ఇప్పుడు రానిస్తున్నారు, కాబట్టి వాళ్లకు ఆ అవకాశం దక్కాలని. ఈ మాటను చాలామంది క్షమాగుణానికి నిదర్శనంగా చదివారు. ఆ చదువు అంత సరిగా లేదు. ఆమె మాటలో క్షమించానన్న ప్రస్తావన లేదు, నిందా లేదు. తలుపు మూసి ఉండేదన్న వాస్తవం, ఇప్పుడు తెరిచి ఉందన్న వాస్తవం, తెరిచిన తలుపులోంచి వెళ్లడానికి డబ్బు కావాలన్న ఆచరణ జ్ఞానం ఉన్నాయి. చట్టం అడ్డు తొలగించినా ఫీజు అడ్డు మిగిలే ఉందని డెబ్బై ఏళ్లు లెక్కలు చూసుకున్న మనిషికి ఒకరు చెప్పాలా! దానపత్రంలో నల్లజాతి విద్యార్థులకు ప్రాధాన్యం అన్న షరతును ఆ వెలుగులో చదవాలి. నల్లజాతివారి కోసమే స్థాపించిన కళాశాలలు రాష్ట్రంలో ఉన్నా, తన ఊరి సంస్థకే ఇవ్వడంలో ఇది మాది కూడా అన్న హక్కు ప్రకటన ఉందనడం అతిశయోక్తి కాదు.

ప్రసిద్ధి, దాని వంకర

1995 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో రిక్ బ్రాగ్ రాసిన కథనంతో మెకార్టీ పేరు దేశమంతా తెలిసింది. ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆమెకు ప్రెసిడెన్షియల్ సిటిజన్స్ మెడల్ ఇచ్చాడు. 1996లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1998లో సదరన్ మిసిసిపీ తన చరిత్రలోనే తొలి గౌరవ పట్టాను ఆమెకు ప్రదానం చేసింది. అట్లాంటా ఒలింపిక్ జ్యోతిని మోసినవారిలో ఆమె ఒకరు. 1997లో టెడ్ టర్నర్ ఐక్యరాజ్యసమితి కార్యక్రమాలకు వంద కోట్ల డాలర్లు ప్రకటించినప్పుడు, మెకార్టీ ఉదాహరణ ఆయనను కదిలించిందని పత్రికలు రాశాయి. ఇంతకాలం ఇల్లు కదలని మనిషి దేశమంతా తిరిగింది.

ఈ ప్రసిద్ధిలో ఆమెకు పదే పదే ఎదురైన ప్రశ్న, ఆ డబ్బు మీకోసం ఎందుకు ఖర్చు చేసుకోలేదని. తనకోసమే ఖర్చు చేస్తున్నానన్నది ఆమె సమాధానం. ప్రశ్నలోనే ఒక లోపం ఉంది. ఆమెది త్యాగం అన్న ముందస్తు తీర్పు అందులో దాగి ఉంది. తన ఇష్టప్రకారం బతికి, తన ఇష్టప్రకారం పంచిన మనిషిని త్యాగమూర్తి చేయడంలో ఇతరులకు ఒక సౌకర్యం ఉంటుంది: అంత గొప్పదనం మనవల్ల కాదని తప్పుకోవచ్చు. మరో వంకర ఇంకా ముఖ్యమైనది. పొదుపు కథగా చెప్పినప్పుడు పేదరికం వ్యక్తిగత అలవాట్లతో తీరే సమస్యలా కనిపిస్తుంది. బట్టలుతికే స్త్రీ కూడబెట్టగలిగితే మిగతావారికేం అన్న వాదనకు ఆమె పేరు ఆధారమైంది. అద్దె లేని ఇల్లు, ముగ్గురు స్త్రీల సొమ్ము ఒక్కచోట చేరడం, తన మీద ఆధారపడ్డ పిల్లలు లేకపోవడం, తొంభైకి దగ్గరపడేదాకా పనిచేయనిచ్చిన ఆరోగ్యం – ఇన్ని కలిసొస్తే గానీ ఆ మొత్తం తయారు కాలేదు. అదే పని చేసిన వేలమంది స్త్రీలకు ఇవన్నీ కలిసిరాలేదు, వారి పొదుపు తక్కువా కాదు.

పోలికకు వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన రొనాల్డ్ రీడ్ ఉదంతం పనికొస్తుంది. పెట్రోలు బంకులో, తర్వాత దుకాణంలో ఊడ్చే పనిలో ఉన్న ఆ తెల్లజాతి వ్యక్తి 2014లో మరణించాడు. షేర్లలో పెట్టి పెంచిన సుమారు 80 లక్షల డాలర్లలో అధికభాగం బ్రాటిల్‌బరో ఆసుపత్రికీ గ్రంథాలయానికీ రాసిపోయాడని తర్వాతే తెలిసింది. ఆయన జ్ఞాపకం ఎక్కువగా పెట్టుబడి పాఠంగా నిలిచింది, ప్రశ్నలడగడానికి ఆయన లేడు. మెకార్టీ మాత్రం బతికుండగానే చెప్పింది, అడిగినవాటికి జవాబిచ్చింది, వచ్చిన గౌరవాలు స్వయంగా అందుకుంది. దాని వల్ల దానం మరింత దానాన్ని రప్పించింది. హ్యాటీస్‌బర్గ్‌లోనూ బయటా 600 మందికి పైగా చేసిన విరాళాలు ఆమె నిధిని మూడు రెట్లకు మించి పెంచాయి. గుప్తదానమే గొప్పదన్న మాట ఈ ఒక్క సందర్భంలో నిలవదు.

ఆ నిధి శాశ్వత నిధి. అసలు ముట్టకుండా, ఏటా వచ్చే రాబడిలో కొంత భాగమే వేతనాలుగా ఇస్తారు. ఇలాంటి నిధుల్లో ఏడాదికి నాలుగైదు శాతం ఖర్చు చేయడం అమెరికా విశ్వవిద్యాలయాల్లో సాధారణ పద్ధతి. ఆ లెక్కన లక్షా యాభై వేల మీద ఏటా వచ్చేది ఆరేడు వేల డాలర్లు. ఒక సంవత్సరంలో కొద్దిమంది విద్యార్థులకు ఆసరా, అంతే. పత్రికల్లో ఆ దానం ఎంత పెద్దదిగా కనిపించినా, విశ్వవిద్యాలయం ఫీజుల ముందు అది చిన్నది. చందాలు జతపడటం అందుకే అవసరమైంది. ఉన్నత విద్యకు రాష్ట్ర ప్రభుత్వం పెట్టే ఖర్చుకు ఇలాంటి నిధులు బదులు కాలేవన్నది కూడా ఆ లెక్కలోనే తేలుతుంది.

మెకార్టీ 1999 సెప్టెంబరు 26న కాలేయ క్యాన్సర్‌తో హ్యాటీస్‌బర్గ్‌లో చనిపోయింది. ఆమె ఇల్లు ఇప్పుడు ఆ పట్నంలోని సిక్స్త్ స్ట్రీట్ మ్యూజియం ప్రాంతంలో సందర్శనశాల. నల్లజాతి సైనిక చరిత్ర మ్యూజియం, 1921లో కట్టిన యురేకా బడి కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. విశ్వవిద్యాలయం 1993లోనే ఒక భవనానికి కెన్నార్డ్ పేరు చేర్చింది. మరణానంతర గౌరవ డాక్టరేట్ ఆయనకు 2018లో ఇచ్చింది, మెకార్టీకి ఇచ్చిన ఇరవై ఏళ్ల తర్వాత.